వలస వేటకు వెళ్లే కలాసీ వెట్టిలో చిక్కకుండా: అడ్వాన్సు నాటి నుంచి లెక్క తేలే నాటి వరకు

శ్రీకాకుళం, విజయనగరం తీరంలో జులై నెలాఖరు వచ్చిందంటే ఊళ్లలో మగవాళ్లు పల్చబడతారు. బుడగట్లపాలెం, డి.మత్స్యలేశం, బడివానిపేట, తిప్పలవలస లాంటి ఊళ్ల నుంచి జట్లు జట్లుగా రైలెక్కి గుజరాత్‌లోని వెరావల్ చేరి, అక్కడి బోట్ల మీద కలాసీలుగా, అంటే వేట కూలీలుగా, కుదురుతారు. పడమటి తీరంలో వేట నిషేధం మామూలుగా జులై 31తో ముగుస్తుంది. ఆగస్టులో బోటెక్కితే మళ్లీ ఇంటి ముఖం చూసేది ఏప్రిల్, మే నెలల్లోనే. మంగళూరు, చెన్నై, పారదీప్ వెళ్లేవాళ్లున్నారు. గల్ఫ్ దేశాల బోట్లెక్కేవాళ్లూ ఉన్నారు. సొంత తీరంలో పెద్ద బోటు నిలిచే రేవు లేక తరాలుగా సాగుతున్న వలస ఇది.

ఈ వలసంతా వెట్టి కాదు. ఒకే సేటు (బోటు యజమాని) దగ్గర పదేళ్లు పనిచేసి, ఆ డబ్బుతో ఇల్లు కట్టి, ఆడపిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు ఈ ఊళ్లలో ఎందరో. కాకపోతే భూమ్మీద ఏ పనికీ లేని చిక్కు సముద్రం పనిలో ఉంది. యజమాని కొట్టినా, కూలి ఎగ్గొట్టినా ఇటుక బట్టీ మనిషి రాత్రికి రాత్రి గోడ దూకి పోగలడు. తీరానికి నూరు కిలోమీటర్ల దూరంలో బోటు మీదున్నవాడు ఎటు దూకుతాడు? 2022లో అంతర్జాతీయ కార్మిక సంస్థ విడుదల చేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో కనీసం 1,28,000 మంది చేపల నౌకల మీద బలవంతపు చాకిరీలో ఉన్నారు. 2015లో ఇండోనేషియాలోని బెంజినా దీవిలో థాయ్ కంపెనీల బోట్ల మీద పనిచేసే మయన్మార్ కూలీలను బోనులో పెట్టిన సంగతి బయటపడింది. ఆ తర్వాత ఆ ప్రాంతం నుంచి రెండు వేల మందికి పైగా విముక్తి పొందారు. వాళ్లలో చాలామందిని అక్కడికి చేర్చింది తుపాకీ కాదు, మంచి పని ఇప్పిస్తానన్న దళారి మాటే.

అందుకే ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం నేల మీద చేయాల్సిన పనుల గురించే ఉంటుంది. బోటు రేవు దాటాక చేయగలిగింది తక్కువ. కలాసీతో పాటు ఇంటి ఇల్లాలు, ఊళ్లో నాలుగక్షరాలు వచ్చిన కుర్రాళ్లు కూడా ఇది చదవాలి.

మొదటి మెట్టు: అడ్వాన్సు ముట్టే ముందు

జూన్, జులై నెలల్లో చేతిలో పైసా ఉండదు. అప్పటికి మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల నిషేధం అప్పుడే ముగిసి ఉంటుంది. పిల్లల ఫీజులు, పాత బాకీలు మీద పడతాయి. సరిగ్గా ఆ సమయానికి సేటు ఇచ్చిన డబ్బుతో తండేలు ఊళ్లోకి వస్తాడు. తండేలంటే బోటు నడిపే పెద్ద, చాలాసార్లు మన ఊరివాడే, మన చుట్టమే. కలాసీలను అతనే కుదురుస్తాడు. అడ్వాన్సు అతని చేతుల మీదుగానే ఇంటికి వస్తుంది.

అడ్వాన్సు తీసుకోవడం నేరం కాదు, తప్పూ కాదు. అది తీరేదాకా ఇంకెక్కడా పనిచేయకూడదు, ఊరెళ్లకూడదు, జీతం అడగకూడదు అన్న షరతు పడిన రోజు మాత్రం ఆ డబ్బు కాలికి కట్టిన లంగరు తాడవుతుంది. 1976 నాటి వెట్టిచాకిరీ వ్యవస్థ రద్దు చట్టం నేరంగా చూసేది ఆ షరతునే. అప్పు పేరుతో మనిషి స్వేచ్ఛగా తిరిగే హక్కునో, వేరే పని వెతుక్కునే హక్కునో, న్యాయమైన కూలినో పోగొట్టుకుంటే అది వెట్టి. ఇవన్నీ కలిసి ఉండనక్కర్లేదు, ఏ ఒక్కటున్నా చాలు. ఇంకో మాట కూడా గుర్తుంచుకోండి. ఆ చట్టం ప్రకారం వెట్టి అప్పు దానంతటదే రద్దవుతుంది. అది తీర్చాల్సిన పని లేదు. ఇది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సిన భారం కూడా అప్పిచ్చినవాడిదే.

కాబట్టి డబ్బు ముట్టే ముందు తండేలును నాలుగు సంగతులు అడగండి. నెల జీతం ఎంత? అడ్వాన్సును నెలనెలా ఎంత చొప్పున మినహాయిస్తారు? మధ్యలో ఒంట్లో బాగోలేక వచ్చేస్తే మిగిలిన అడ్వాన్సు సంగతేమిటి? తిండి, మందులు, రైలు టిక్కెట్టు ఎవరి ఖర్చు? మూడో ప్రశ్నకు వచ్చే జవాబే అన్నిటికన్నా ముఖ్యం. “సీజన్ అయ్యేదాకా కదలడానికి లేదు” అని జవాబొస్తే ఆ బోటు వద్దు.

అవసరానికి మించి అడ్వాన్సు తీసుకోకండి. ఎక్కువ ఇస్తానని ముందుకొచ్చే సేటు కన్నా, తక్కువ ఇచ్చి నెలనెలా బ్యాంకులో జీతం వేసే సేటు మేలు. ఈ మాట చేతిలో డబ్బు లేని ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో తెలుసు. అయినా చెప్పక తప్పదు, ఎందుకంటే తర్వాత వచ్చే చిక్కుల్లో సగానికి మూలం ఇదే.

రెండో మెట్టు: చీటీ

నోటి మాట మీద నడిచే పనిని కాగితం మీద పెట్టించడం ఇందులో కెల్లా కష్టమైన మెట్టు. చట్టం తెలియక కాదు, మొహమాటం వల్ల. “ఏటి మావా, మనలో మనకి కాయితాలెందుకు?” అని తండేలు నవ్వేస్తాడు. దానికి జవాబు ముందే అనుకుని ఉంచుకోవాలి. “నీ మీద నమ్మకం లేక కాదు మావా. రేపు సేటు లెక్క మారిస్తే నిన్నూ అడుగుతారు కదా, అప్పుడు నీకూ ఇదే అక్కరకొస్తాది” అనండి. ఇది బుజ్జగింపు మాట కాదు, అక్షరాలా నిజం. సేటు డబ్బులు ఎగ్గొడితే ఊళ్లో తలెత్తుకోలేని మొదటి మనిషి తండేలే. అతన్ని ఎదిరి పక్షంగా చూడకండి. అతని మెడ మీదా అదే అడ్వాన్సు ఉంటుంది.

స్టాంపు కాగితం అక్కర్లేదు. నోటు పుస్తకంలో ఒక పేజీ చాలు. అందులో ఉండాల్సినవి:

- సేటు పూర్తి పేరు, ఊరు, ఫోను నంబరు. తండేలు పేరు, ఫోను
- బోటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు
- కలాసీ పేరు, పని: వల పనా, వంటా, ఇంజినా
- నెల జీతం, అడ్వాన్సు మొత్తం, ముట్టిన తేదీ
- పని మొదలయ్యే నెల, ముగిసే నెల
- తిండి, వైద్యం, రానుపోను ఛార్జీలు ఎవరివి
- మధ్యలో వచ్చేస్తే లెక్క ఎలా చూస్తారు

తండేలు సంతకమో వేలిముద్రో, ఊరివాళ్లు ఇద్దరి సాక్షి సంతకాలు పెట్టించండి. ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలో దాచండి. సంతకానికి తండేలు ససేమిరా అంటే ఆ వివరాలనే అతనికి వాట్సాప్‌లో పంపండి. “సరే” అని ఒక్క మాట జవాబొచ్చినా అది ఆధారమే. అడ్వాన్సును నగదుగా కాక ఫోన్‌పేలోనో బ్యాంకులోనో వేయించుకుంటే తేదీ, మొత్తం దానంతటవే నమోదవుతాయి.

ఖాళీ కాగితం మీద గానీ, రాసింది చదివి వినిపించని గుజరాతీ కాగితం మీద గానీ సంతకం పెట్టొద్దు. ఆధార్ నకలు ఇవ్వొచ్చు, అసలు కార్డు ఇవ్వొద్దు. ఏటీఎం కార్డు, పాస్‌బుక్కు ఎవరి చేతికీ వద్దు.

మూడో మెట్టు: బోటును తెలుసుకోవడం

గుజరాత్ బోట్ల నంబర్లు ఐఎన్‌డీ–జీజే అని, మన రాష్ట్రం బోట్లవి ఐఎన్‌డీ–ఏపీ అని మొదలవుతాయి. ఆ నంబరు బోటు పక్కల పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. రేవుకు చేరిన రోజే దాన్ని ఫోటో తీసి ఇంటికి పంపాలి. బోటు మారినప్పుడల్లా మళ్లీ పంపాలి. ఒకే సేటుకు నాలుగైదు బోట్లుంటే సీజన్ మధ్యలో మనిషిని ఒక దాంట్లోంచి ఇంకోదాంట్లోకి మార్చడం మామూలే.

గుజరాత్‌లో వేటకు వెళ్లే ముందు ప్రతిసారీ మత్స్యశాఖ దగ్గర టోకెన్ తీసుకోవాలి. ఆ ట్రిప్పులో బోటు మీద ఎవరెవరున్నారో అందులో నమోదవుతుంది. మీ పేరు టోకెన్‌లో ఉందో లేదో ప్రతి ట్రిప్పుకూ తండేలును అడగండి. “పర్వాలేదు, వేరేవాడి పేరు మీద వెళ్దాం” అంటే ఎక్కొద్దు. సముద్రంలో ఏదైనా జరిగితే మీరు ఆ బోటు మీద ఉన్నారని చెప్పే ప్రభుత్వ కాగితం అదొక్కటే.

2018 నవంబరులో వెరావల్ నుంచి వెళ్లిన బోట్ల మీది శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులు అరేబియా సముద్రంలో పాకిస్తాన్ గస్తీ దళానికి చిక్కారు. ఇరవై మంది 2020 జనవరిలో గానీ వాఘా సరిహద్దు దాటి స్వదేశంలో అడుగుపెట్టలేకపోయారు. ఏడాదికి పైగా జైల్లోనే. 2008లో రెండు దేశాలు చేసుకున్న కాన్సులర్ ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ జాబితాలోని మనిషి మనవాడేనని ప్రభుత్వం ధ్రువీకరిస్తే గానీ విడుదల ముందుకు కదలదు. ఆధార్, ఓటరు కార్డు, మత్స్యకార గుర్తింపు కార్డు, టోకెన్ నకలు ఇంట్లో ఉన్న కుటుంబానికి ఆ పని త్వరగా అవుతుంది.

సరిహద్దు రేఖ వైపు బోటు పోనివ్వాలా వద్దా అన్నది కలాసీ చేతిలో ఉండదు. మంచి చేప అక్కడ పడుతుందని సేటు పట్టుబడితే తండేలూ కాదనలేడు. ట్రాన్స్‌పాండర్ (బోటు ఎక్కడుందో తీరానికి తెలిపే పరికరం) ఆపేయమన్నా, బోటు నంబరు మీద గుడ్డ కప్పమన్నా అది మిమ్మల్ని ఎరగా పెట్టడమే. రేవుకు రాగానే ఆ బోటు దిగిపోవడానికి అదొక్క కారణం చాలు.

నాలుగో మెట్టు: బయల్దేరే ముందు ఇంట్లో చేసుకునేవి

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద మత్స్యకారులకు ప్రమాద బీమా ఉంది. చనిపోయినా, పూర్తి శాశ్వత వైకల్యం వచ్చినా 5 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి 2.5 లక్షలు, ఆసుపత్రి ఖర్చుకు 25,000 రూపాయల వరకు వస్తాయి. ప్రీమియం ప్రభుత్వమే కడుతుంది, కానీ పేరు నమోదై ఉండాలి. ఊరి మత్స్య సహాయకుడినో, మండల మత్స్యశాఖ అధికారినో అడిగి జాబితాలో పేరుందని కళ్లారా చూసుకోండి. ఈ-శ్రమ్ కార్డు (అసంఘటిత కార్మికుల నమోదు కార్డు) లేకపోతే అదీ చేయించండి.

భార్యాభర్తలు ఒక గుర్తు మాట పెట్టుకోవాలి. ఫోనులో పక్కన తండేలో, సేటు మనిషో ఉంటే ఉన్న సంగతి చెప్పలేరు. అప్పుడు “అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది?” అని అడిగితే ఇక్కడ పరిస్థితి బాగోలేదు, కదలండి అని అర్థం. ఏ మాటైనా ఫరవాలేదు, మామూలుగా వాడనిదై ఉండాలి. బోటు ఎన్ని రోజుల ట్రిప్పుకు వెళ్తోందో బయల్దేరే ముందే ఇంటికి చెప్పాలి. చెప్పిన రోజుకు రెండు మూడు రోజులు దాటినా ఫోను రాకపోతే ఇంట్లోవాళ్లు ఊరికే ఎదురుచూస్తూ కూర్చోకుండా తండేలు ఇంటివాళ్లకు, అదే రేవులో ఉన్న మన ఊరి వేరే బోటు వాళ్లకు ఫోన్లు కలపాలి.

పద్దెనిమిది నిండని కుర్రాళ్ల సంగతి విడిగా చెప్పాలి. వంటకని, చిన్నచిన్న పనులకని పదిహేను, పదహారేళ్ల పిల్లలను పంపుతుంటారు. పంపొద్దు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలతో పని చేయించడం నేరం. బాలుణ్ని వెట్టిలో పెట్టినా, అతని సంపాదన తొక్కిపెట్టినా బాలల న్యాయ చట్టం కింద ఐదేళ్ల వరకు కఠిన శిక్ష, లక్ష జరిమానా ఉంది. పిల్లవాడు ఇప్పటికే బోటు మీద ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోను చేయండి.

ఐదో మెట్టు: వేటలో ఉండగా లెక్క, వెట్టి గుర్తులు

కలాసీ దగ్గర ఓ చిన్న పాకెట్ పుస్తకం ఉండాలి, తడవకుండా ప్లాస్టిక్ కవరులో. అందులో ట్రిప్పు మొదలైన తేదీ, ముగిసిన తేదీ, సేటు ఇచ్చిన ప్రతి రూపాయి, దేనికి ఇచ్చాడన్నది రాయాలి. రాయడం రాకపోతే రేవుకొచ్చిన రోజు ఆ వివరాలు చెప్పి వాయిస్ మెసేజ్‌గా ఇంటికి పంపితే ఇంట్లో పిల్లలు రాసిపెడతారు.

ఆ పుస్తకం విలువ సీజన్ చివర తెలుస్తుంది. నెలకు 18,000 చొప్పున ఎనిమిది నెలలకు 1,44,000 వచ్చిందనుకుందాం. అడ్వాన్సు 50,000, మధ్యలో ఇంటికి పంపింది 30,000 పోతే 64,000 చేతికి రావాలి. సేటు గుమస్తా మాత్రం “ఖర్చులు 22,000” అని ఒక్క ముక్క చెప్పి 42,000 చేతిలో పెడతాడు. పుస్తకం లేనివాడు తల ఊపి తీసుకుంటాడు. పుస్తకం ఉన్నవాడు ఏ తేదీన, దేనికి అని అడగగలడు. చాలా తగాదాలు పోలీసు దాకా పోకుండా ఆ ఒక్క ప్రశ్నతోనే తేలిపోతాయి.

కష్టమైన పని వేరు, వెట్టి వేరు. వల లాగేటప్పుడు రాత్రుళ్లు నిద్ర ఉండదు, అది వేటలో ఉన్నదే. కానీ రోజుల తరబడి అలాగే సాగితే అది వేట అవసరం కాదు. మత్స్యకారుల పని మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2007లో చేసిన 188వ ఒప్పందం మూడు రోజులకు మించి సముద్రంలో ఉండే నౌకల మీద 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో కనీసం 77 గంటలు విశ్రాంతి ఉండాలంటుంది. మన దేశం ఆ ఒప్పందాన్ని ఇంకా ఆమోదించలేదు కాబట్టి సేటు మీద నేరుగా చెల్లదు. అయినా ఏది మితిమీరిందో తేల్చుకోవడానికి కొలతగా పనికొస్తుంది.

వెట్టికి గుర్తులుగా ఆ సంస్థ చెప్పే పదకొండింటిలో మన బోట్ల మీద ముందుగా కనబడేవి కొన్ని ఉన్నాయి. జీతం అడిగితే “సీజన్ చివర” అని తప్ప వేరే మాట రాదు. ఫోను, కార్డులు తీసేసుకుంటారు. రేవులో ఉన్నప్పుడు కూడా బజారుకు పోనివ్వరు, పోతే మనిషిని తోడు పంపుతారు. జ్వరం వచ్చినా వల లాగమంటారు. అడ్వాన్సు తగ్గకపోగా పెరుగుతూ ఉంటుంది. వెళ్లిపోతానంటే “నీ తమ్ముడు కూడా మా బోటులోనే ఉన్నాడు, గుర్తుందా” అంటారు. కొట్టడం చాలాసార్లు చివర్లో వస్తుంది, అసలు రాకపోవచ్చు కూడా. దెబ్బ పడలేదు కాబట్టి ఇది వెట్టి కాదనుకోవద్దు.

వలస కలాసీలకు రేవులోనూ ఇల్లుండదు, బోటే ఇల్లు. 2020 లాక్‌డౌన్‌లో మన జిల్లాల వాళ్లు వేల మంది వెరావల్ రేవులో బోట్ల మీదే ఇరుక్కుపోయి, బస్సులు వేసి తీసుకొచ్చేదాకా అలాగే గడిపారు. పని, నిద్ర, తిండి అన్నీ యజమాని చెక్కల మీదే కావడంతో బయటి మనిషితో మాట్లాడే సందే దొరకదు. అందుకే రేవులో దిగిన ప్రతిసారీ పక్క బోటులోని మన జిల్లా వాళ్లతో రెండు మాటలు కలపండి, నంబర్లు ఇచ్చిపుచ్చుకోండి. ఆపదలో మొదట చేరుకునేది వాళ్లే.

ఆరో మెట్టు: చిక్కుకున్నామని తెలిశాక బోటు మీదివాళ్లు

సముద్రం మధ్యలో ఎదురు తిరగొద్దు. కొట్లాట పెట్టుకోవద్దు. ఎంత కోపం వచ్చినా రేవు వచ్చేదాకా ఓర్చుకోండి, ఎందుకంటే అక్కడ సాక్షులుండరు. కంటికి కనబడిందల్లా గుర్తుపెట్టుకోండి: తేదీ, ఎవరు ఏమన్నారు, ఎవరు చూశారు. వీలైతే దెబ్బల ఫోటోలు తీయండి.

ప్రాణం మీదికొస్తే సంగతి వేరు. వైర్‌లెస్ సెట్టు చేతికందితే వీహెచ్ఎఫ్ 16వ ఛానెల్‌లో ఆపదలో ఉన్నామని పిలవండి. దాన్ని కోస్ట్ గార్డ్, చుట్టుపక్కల ఓడలు వింటూ ఉంటాయి. సెల్ సిగ్నల్ ఉంటే కోస్ట్ గార్డ్ నంబరు 1554, పోలీసుకు 112.

రేవులో దిగాక ఒంటరిగా సేటు ఆఫీసుకు వెళ్లొద్దు. ముగ్గురు నలుగురు కలాసీలు కలిసి వెళ్లి లెక్క అడగండి. “వెళ్లాలంటే అడ్వాన్సు కట్టి వెళ్లు” అంటే అక్కడ వాదించొద్దు. ఆ మాటే రేపు మీ ఫిర్యాదులో మొదటి వాక్యం. బయటికొచ్చి నేరుగా పోలీసు స్టేషనుకు గానీ, కలెక్టరేట్‌కు గానీ పోండి. వెరావల్ గిర్ సోమనాథ్ జిల్లా కేంద్రమే, కాబట్టి కలెక్టరేట్ దగ్గర్లోనే ఉంటుంది.

ఏడో మెట్టు: ఇంటి దగ్గరివాళ్లు చేసే ఫిర్యాదు

“అక్కడ జరిగిన దానికి అక్కడే కేసు పెట్టుకోండి” అని మన స్టేషనులో చెప్పడానికి వీల్లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఫిర్యాదు తెలుగులోనే రాయండి. నకలు ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

ఫిర్యాదులో రెండు మాటలు కచ్చితంగా ఉండాలి. ఒకటి, అడ్వాన్సు పేరుతో కదలనివ్వడం లేదు, జీతం ఇవ్వడం లేదు కనుక ఇది 1976 చట్టం కింద వెట్టిచాకిరీ. రెండు, మోసపు మాటలతో కుదిర్చి తీసుకెళ్లి ఉంటే భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ కింద అక్రమ రవాణా. అక్రమ రవాణాకు ఏడు నుంచి పదేళ్ల శిక్ష, ఒకరికి మించి మనుషులను అలా తరలిస్తే పదేళ్ల నుంచి యావజ్జీవం. “అతనే ఇష్టపడి వచ్చాడు” అన్న వాదన అక్కడ చెల్లదు, బాధితుడి సమ్మతిని లెక్కలోకి తీసుకోవద్దని ఆ సెక్షన్ వివరణలోనే ఉంది. ఇష్టానికి వ్యతిరేకంగా పని చేయించడం 146వ సెక్షన్ కింద విడిగా నేరం. ఊరికే “జీతం ఇవ్వలేదు” అని రాస్తే అది కూలి తగాదాగా మారి కార్మిక శాఖ ఫైళ్లలో పడిపోతుంది. మాటల ఎంపిక మీదే కేసు దారి ఆధారపడి ఉంటుంది.

అదే అర్జీ ఇంకో రెండు కాగితాల మీద మన జిల్లా కలెక్టరుకు, బోటున్న జిల్లా కలెక్టరుకు పంపండి. వెట్టి నుంచి విడిపించే అధికారం, బాధ్యత జిల్లా మేజిస్ట్రేటుదే. రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. సోమవారం గ్రీవెన్స్‌లో స్వయంగా ఇచ్చి నంబరు తీసుకోండి. న్యాయ సహాయానికి 15100కి ఫోను చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. వెట్టి బాధితులకు, అక్రమ రవాణా బాధితులకు ఆదాయంతో పని లేకుండా ఆ హక్కు ఉంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు ఆన్‌లైన్‌లో రాయడానికీ ఖర్చు లేదు.

వలస కార్మికుల కోసం ఉన్న ప్రత్యేక చట్టాన్ని ఎందుకు వాడుకోకూడదని కొందరు అడుగుతారు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం స్థానంలో వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లో ఆ రక్షణలు పది మందో అంతకు మించో వలస కార్మికులున్న చోటికే వర్తిస్తాయి. ఒక్కో బోటు మీద ఏడెనిమిది మందే ఉంటే, ఆ సేటు బోట్లన్నీ కలిపి లెక్క కట్టాలా వద్దా అన్న వాదనతోనే నెలలు గడిచిపోతాయి. 1976 చట్టానికి అలాంటి సంఖ్య గొడవ లేదు, ఒక్క మనిషైనా చాలు. కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చి పని చేయించుకోవడమే రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీ అని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో వచ్చిన ఆ తీర్పు బోటు కలాసీకీ వర్తిస్తుంది.

ఎనిమిదో మెట్టు: విదేశీ బోటైతే

ఇక్కడ జాగ్రత్త రెట్టింపు కావాలి. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస అనుమతి తనిఖీ అవసరం) అని ఉంటుంది. వాళ్లు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియా సహా 18 దేశాలకు పనికి వెళ్లాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థ ఈ-మైగ్రేట్‌లో అనుమతి తప్పనిసరి. ఏజెంటు “విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్చేద్దాం” అన్నాడంటే ఆ అనుమతిని తప్పించడానికే. విజిట్ వీసా మీద పనిచేసే మనిషి ఆ దేశ చట్టం కళ్లకు దొంగ. కొట్టినా, జీతం ఇవ్వకపోయినా ఫిర్యాదు చేయడానికి జంకుతాడు. ఇరాన్ ఆ 18 దేశాల జాబితాలోనే లేదు, కాబట్టి ఆ వడపోత కూడా ఉండదు. అక్కడి పని అంటే ఇంకా లోతుగా విచారించాలి.

ఏజెంటు లైసెన్సు నంబరు అడిగి ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీకి మించి వసూలు చేయకూడదు. లక్ష, లక్షన్నర అడిగితే లేచి వచ్చేయండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలే. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షలు. “మర్చంట్ షిప్పులో ఉద్యోగం” అని చెప్పి చేపల బోటు ఎక్కించే మోసమూ ఉంది. ఓడ ఉద్యోగమైతే ఏజెన్సీకి డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ ఇచ్చిన ఆర్‌పీఎస్‌ఎల్ (ఓడ సిబ్బందిని కుదిర్చే లైసెన్సు) నంబరు ఉండాలి.

ట్యూనా కోసం దూర సముద్రాలకు పోయే పెద్ద నౌకలైతే అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం కాదు. ఎన్నాళ్లకోసారి రేవుకొస్తుంది, చేపను సముద్రం మీదే వేరే ఓడకు ఎక్కిస్తారా అని అడగండి. ఎక్కిస్తారంటే ఆ నౌకకు రేవుతో పని లేదు. చేప ఒక ఓడలో పోతుంది, డీజిలు, బియ్యం ఇంకో ఓడలో వస్తాయి, మనిషి మాత్రం అక్కడే ఉంటాడు. థాయ్ బోట్ల మీద కూలీలు ఏళ్ల తరబడి నేల చూడకపోవడానికి కారణం ఇదే.

విదేశీ రేవులో నౌక ఆగినప్పుడు ఒక అవకాశం దొరుకుతుంది. పైన చెప్పిన 188వ ఒప్పందం 2017 నవంబరు నుంచి అమల్లో ఉంది. దాన్ని ఆమోదించిన దేశాల రేవుల్లో అధికారులు ఏ దేశపు నౌకనైనా తనిఖీ చేసి ఆపగలరు. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఒక చేపల నౌకను మొదటిసారి అలా నిలిపేశారు. కూలీలకు పని ఒప్పందాలు లేవు, పడుకునే చోటు, తిండి అధ్వాన్నం. ఆ తనిఖీకి కారణం నౌక మీది కూలీల ఫిర్యాదే. ఆసియాలో మొదట 2019లో థాయ్‌లాండ్ ఆ ఒప్పందంలో చేరింది. రేవులో ఆగితే కార్మిక తనిఖీ అధికారినో, అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య ప్రతినిధినో అడగండి. భారత రాయబార కార్యాలయం నంబరు ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసి వెంట ఉంచుకోండి, ఫోను ముందుగా లాక్కుంటారు కాబట్టి. ఇక్కడ ఇంట్లోవాళ్లు విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయాలి. మన రాష్ట్రంలో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సొసైటీకీ తెలపాలి. పాస్‌పోర్టు భారత ప్రభుత్వ ఆస్తి, కెప్టెన్‌కు గానీ కఫీల్‌కు (గల్ఫ్‌లో పనిలో పెట్టుకున్న యజమానికి) గానీ దాన్ని దగ్గర పెట్టుకునే హక్కు లేదు.

తొమ్మిదో మెట్టు: తిరిగొచ్చాక

విడిపించి రైలెక్కించగానే పని అయిపోయిందనుకుంటారు, అధికారులు కూడా. విడుదల పత్రం చేతికి రాకుండా రైలెక్కొద్దు. వెట్టి నుంచి విముక్తుడని జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చే ఆ కాగితం ఉంటేనే అప్పు రద్దయిందని చెప్పగలరు, పునరావాసం అడగగలరు. కేంద్ర పథకం కింద వెంటనే 30,000 రూపాయల వరకు సాయం ఇవ్వొచ్చు. ఆ తర్వాత పెద్ద మగవాడికి లక్ష, పిల్లలకు, ఆడవాళ్లకు రెండు లక్షలు, అక్రమ రవాణా లాంటి మరీ దారుణమైన సందర్భాల్లో మూడు లక్షలు రావాలి. పూర్తి మొత్తం మాత్రం కేసు తేలేదాకా ఆగే వీలుంది కాబట్టి వాయిదాలకు సాక్షులు వెళ్లేలా ఊరి పెద్దలు చూడాలి. దూరం వల్ల వెరావల్ వెళ్లలేకపోతే వీడియో ద్వారా సాక్ష్యం తీసుకోమని లాయరు ద్వారా అడగండి.

సేటు తరఫు మనిషి ఊళ్లోకొచ్చి రాజీ మాటలు మాట్లాడతాడు. కొంత ఇచ్చి కాగితం మీద సంతకం పెట్టమంటాడు. రావాల్సిన జీతం తీసుకోండి, అది మీ కష్టం. కేసు వదులుకుంటానన్న కాగితం మీద మాత్రం లాయరుకు చూపకుండా వేలిముద్ర వేయొద్దు.

మనిషి సముద్రంలో కనబడకుండా పోతే అదే రోజు తప్పిపోయిన కేసు నమోదు చేయించాలి. శవం దొరకనప్పుడు చనిపోయాడని చట్టం భావించడానికి మామూలుగా ఏడేళ్లు పడుతుంది, ఆ ఏడేళ్ల లెక్క మొదలయ్యేందుకు తేదీ ఉన్న కాగితం కావాలి. తోటి కలాసీల వాంగ్మూలాలు వాళ్లు వేరే బోట్లకు చెదిరిపోకముందే తీసుకోమని పోలీసులను పట్టుబట్టి అడగండి.

వచ్చే జులైలో మళ్లీ తండేళ్లు ఊళ్లోకొస్తారు. అంతకు ముందే గ్రామ సచివాలయంలో ఒక రిజిస్టరు తెరిపించండి. ఎవరు, ఏ సేటు దగ్గరికి, ఏ నంబరు బోటు మీద వెళ్తున్నారో, ఇంటి ఫోను నంబరేమిటో అందులో ఉండాలి. మత్స్య సహాయకుడు నెలకోసారి ఆ ఇళ్లకు ఫోను చేసి చివరిసారి మాట్లాడిన తేదీ రాసుకోవాలి. బాకీ ఎగ్గొట్టిన సేటు పేరు, మనిషిని కదలనివ్వని బోటు నంబరు అదే రిజిస్టరులో నమోదైతే అడ్వాన్సు ముట్టే ముందు ఏ ఇల్లాలైనా వెళ్లి చూసుకోవచ్చు.